బాలింత గదిలో నేను మింగేసిన పేరు

నాకు రాయటం రాదు. సంతకం వచ్చు, బస్సు నంబర్లు వచ్చు, పాలపొడి డబ్బా మీద తేదీ చూడటం వచ్చు. అంతవరకే. నేను చెప్తుంటే మా అంతస్తులోనే ఉండే టీచరమ్మ రాస్తోంది. "రవణమ్మా, ఈ మాట మొరటుగా ఉంది, మారుస్తానే" అంటోంది. మార్చొద్దన్నా. బిడ్డల్ని ఆడించిన నోరు ఇది. ఇది ఇట్టాగే ఉంటుంది.

ఇప్పుడు నాకు మోకాళ్ళు పోయినయ్యి. నేల మీద కూర్చుంటే లేవలేను. అందుకే పని మానేశా. బుకిట్ పంజాంగ్‌లో మా పేట ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు నా పని అందుకున్నారు. "ఎట్టా చేయాలి ఆంటీ, ఏం జాగ్రత్తలు ఆంటీ" అని అడుగుతున్నారు. ఒక్కొక్కళ్ళకీ చెప్పే ఓపిక లేదు. వినండి.

పని అంటే ఏంటి

మా ఆయన ఈ పరాయి దేశానికి ఓడల రేవులో పనికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, ఊరికొచ్చి నన్ను చేసుకుని తీసుకొచ్చాడు. ఆయన పోయేనాటికి నాకు నలభై రెండేళ్ళు. పిల్లల్లేరు. రెండేళ్ళు ఇళ్ళల్లో అంట్లు తోముకున్నా. ఇంతలో కంప్యూటర్ల జోరు వచ్చింది. లిఫ్టు ఎక్కితే తెలుగు, మార్కెట్టుకి పోతే తెలుగు. అందరూ కొత్తగా పెళ్ళయినవాళ్ళు. ఏడాది తిరిగేసరికి అందరి పొట్టలూ పైకొచ్చినయ్యి.

అమ్మలు వచ్చేవాళ్ళు పురుడు పోయటానికి. కానీ ఆ అమ్మలు బ్యాంకుల్లో, బళ్ళల్లో ఉద్యోగాలు చేసినవాళ్ళు. పసిగుడ్డుని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయటం రాదు. నాకు వచ్చు. మా ఊళ్ళో మా మేనత్త దగ్గర నేర్చుకున్నా. ఒక ఇంట్లో పోస్తే పక్కింటివాళ్ళు పిలిచారు. అట్టా మొదలైంది.

పని అంటే నీళ్ళు పోయటమే అనుకోకండి. బాలింతకి ఒళ్ళు రుద్దాలి, నడికట్టు కట్టాలి, శొంఠి, మిరియాలు దంచి కాయం చేసి పెట్టాలి, సాంబ్రాణి వేయాలి. పాలు పడకపోతే ఏడుస్తుంది, పక్కన కూర్చోవాలి. మొగుడు ఆఫీసులో ఉంటాడు, వాడికీ భయమే, వాడికీ ఒక మాట చెప్పాలి. అత్తా తల్లీ ఒకే ఫ్లాటులో ఉంటే వాళ్ళ మధ్యలో నిలబడాలి. నీళ్ళు పోసేది అరగంట. మిగతాదంతా ఇదే.

ఇక్కడి బాత్రూంలో కాళ్ళు చాపితే పాదాలు టాయిలెట్ బేసిన్‌కి కొట్టుకుంటాయి. మూలగా కూర్చోండి. వీపు తలుపుకి ఆనించండి. తలుపు గడియ వేయొద్దు, కాలు జారితే ఎవరో ఒకరు లోపలికి రావాలి. ఇది నాకెవరూ చెప్పలా, నేనే రెండుసార్లు జారి నేర్చుకున్నా.

తిట్లు తిని మానేసినవి

మేనత్త నేర్పిందంతా మంచిది కాదు. మొదట్లో నేను బిడ్డ ముక్కులో, చెవుల్లో ఆముదం చుక్క వేసేదాన్ని. ఒక బిడ్డకి దగ్గు పట్టింది. క్లినిక్కుకి తీసుకుపోతే అక్కడ ఒక చైనా ముసలి నర్సు. బిడ్డని చూసింది, నా చేతులు వాసన చూసింది.

"ఆంటీ, ఈ నూనె బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ఎవరు తీస్తారు? నువ్వు తీస్తావా?"

నేను చేతులు చీరకి తుడుచుకున్నా. ఆమె అక్కడున్న అందరి ముందూ అరిచింది. సిగ్గేసింది. ఇంటికొచ్చి రెండు రోజులు ఆమెని తిట్టుకున్నా. మూడో రోజు నుంచి ఆముదం ముక్కులో వేయటం మానేశా. ఆ తర్వాత మాడు మీద గట్టిగా అదమటం మానేశా, వసకొమ్ము నాకించటం మానేశా. ఆ నర్సుకి ఇప్పటికీ దణ్ణం పెడతా.

కానీ ఒకటి మానలా. పురిటి గదిలో చెడు మాట ఎత్తకూడదు అన్నది మా మేనత్త గట్టి మాట. అందులోకీ కానుపులో పోయిన ఆడదాని ఊసు అసలు రాకూడదు. పేరు నోటితో అనకూడదు, ఎవరైనా అంటే వినబడకుండా దేవుడి పేరు పైకి అనాలి. ఇది నూనె లాంటిది కాదు కదా, దీనివల్ల ఎవరికి నష్టం అనుకున్నా. నష్టం ఎట్టా వచ్చిందో చెప్పటానికే ఇదంతా.

క్లెమెంటి ఇల్లు

ఒకరోజు రాఘవ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. ఒంగోలు వైపు వాళ్ళు. క్లెమెంటి పేటలో ఫ్లాటు, కంప్యూటర్ పని. "ఆంటీ, మా ఆవిడకి కానుపైంది, ఆడపిల్ల. మా అమ్మకి వీసా ఆలస్యం అయింది. మీరు నలభై రోజులు రాగలరా?" అన్నాడు. సరే అన్నా. "ఇంకో మాట ఆంటీ. మా ఆవిడ తెలుగు కాదు. హవాయి దీవుల పిల్ల. వాళ్ళ అమ్మమ్మ వచ్చి ఉంది. ఆవిడతో కొంచెం సర్దుకోవాలి."

సర్దుకోవటం నా పనే కదా, వెళ్ళా.

ఆ పిల్ల పేరు నోయె. యూనివర్సిటీలో పనిచేసేది, రాఘవ దగ్గర కొంచెం తెలుగు నేర్చింది. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే అమ్మమ్మే పెంచింది. ఆ అమ్మమ్మని వాళ్ళ భాషలో తూతూ అంటారు. నేనూ అట్టాగే పిలిచా. తూతూ అంటే మనిషి ఇంత లావు, ఇంత ఎత్తు, తెల్లజుట్టు ముడి. సోఫాలో కూర్చుంటే ఇంకెవరికీ చోటుండదు. నన్ను కిందనుంచి పైదాకా చూసి ఏదో అంది. నోయె నవ్వింది.

"ఏమంటోంది?" అన్నా రాఘవతో.

"ఇంత చిన్న మనిషి మా బిడ్డని మొయ్యగలదా అంటోంది ఆంటీ."

"ఆ అమ్మమ్మని కూడా మొయ్యగలనని చెప్పు."

వాడు చెప్పాడు. తూతూ సోఫా ఊగేట్టు నవ్వింది. అక్కడితో మాకు కుదిరింది. నాకు ఇంగ్లీషు సగం, ఆమెకి తెలుగు సున్నా. మిగతాది చేతులతో. బొత్తిగా అర్థం కాకపోతే భోజనాల దగ్గర రాఘవ విడమర్చి చెప్పేవాడు.

రాణి సంగతి

మొదటి రోజు బిడ్డని కాళ్ళ మీద వేసుకుని చెంబు ఎత్తానో లేదో, తూతూ బాత్రూం తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. నేను నీళ్ళు పోస్తుంటే నోరు తెరిచి ఏదో పాటలాగా మొదలుపెట్టింది. పాట కాదు, పిలుపు. చెంబుకో పేరు. నా చెంబు ఆగితే ఆమె ఆగేది.

ఏంటిది అని మధ్యాన్నం అడిగా. రాఘవ అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

వాళ్ళ దీవి పేరు ఓఆహు. ఎప్పుడో నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ దీవిని ఒక ఆడది ఏలింది. కలైమనుయా ఆమె పేరు. ఆమె కంటే ముందు వాళ్ళమ్మ కూకనిలోకో ఏలింది. ఆ అమ్మకి రాజ్యం ఇచ్చింది వాళ్ళ నాన్న పిలివాలె. కొడుకుల్లేరు, ఇద్దరూ కూతుళ్ళే. పెద్ద కూతురికి ఇచ్చాడు. ఆ దీవిలో సొంతంగా ఏలిన మొదటి ఆడది ఆమే అంటారు.

"కూతురికి ఇచ్చాడా? అల్లుడికి కాదా?" అన్నా.

"కూతురికే ఆంటీ."

కలైమనుయా పుట్టిన చోటు ఇప్పటికీ ఉందంట. ఎర్రమన్ను నేల మీద పెద్ద పెద్ద రాళ్ళు. గొప్ప ఇంటి ఆడవాళ్ళు కానుపుకి అక్కడికి పోవాలి. రాయికి ఆనుకుని కనాలి. చుట్టూ పెద్దమనుషులు వరసగా కూర్చుని చూస్తారంట. ఇది విని నేను ముద్ద కింద పెట్టేశా.

"మగవాళ్ళా? కానుపు చూస్తారా? ఛీ."

రాఘవ ఆ మాట చెప్తే తూతూకి కోపం రాలా. "చూడాలి. రేపు ఎవడైనా వచ్చి ఈ బిడ్డ ఎవరి బిడ్డ అంటే, మేము చూశాం అనేవాళ్ళు ఉండాలి. బిడ్డ పుట్టగానే డప్పులు మోగిస్తారు, వంశం పేర్లు చదువుతారు. అప్పుడే ఆ బిడ్డ మనిషి" అంది. నాకు నచ్చలా, కానీ అర్థమైంది.

రాణి యుద్ధాలు చేయలేదంట. సముద్రం అంచున రాళ్ళ గోడలు కట్టించి చేపల చెరువులు చేయించింది. జనం తిన్నారు. తూతూ ఆ చెరువుల సంగతి చెప్పేటప్పుడు చేత్తో గోడ ఎంత వెడల్పో చూపించింది, తనే రాళ్ళు మోసినట్టు. ముసలిదయ్యాక రాణి పిల్లలందరికీ నేల పంచింది. పెద్ద కొడుక్కి రాజ్యం ఇచ్చింది. వాడికి చాలలా. ఆమె పోగానే తమ్ముడి మీదికి పోయి, ఆ కొట్లాటలో వాడే చచ్చాడు.

"ఆ చచ్చినవాడి సంగతి కూడా చెప్తారా?" అన్నా.

"చెప్తాం. మంచివాళ్ళని మాత్రమే చెప్తే అది వంశం కాదు" అంది తూతూ. వేలు ఊపి మరీ చెప్పింది. ఈ మాట నాకు ముందే చెప్పింది. తెలియక చేశాను అనటానికి నాకు లేదు.

"ఇదంతా పుస్తకాల్లో ఉంది" అంది నోయె మంచం మీద నుంచి.

"రాణి దాకా పుస్తకాల్లో ఉంది. రాణి నుంచి నా దాకా నా నోట్లో ఉంది" అంది తూతూ.

పుస్తకాలవాళ్ళు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. అది ఆ ఇంటి మాట. ఆ ఇంటికి అదే నిజం.

చెంబుకో పేరు

రాణి మొదటి చెంబు, కుడిపాదం మీద. అక్కడినుంచి పద్దెనిమిది పేర్లు. నోయె పద్దెనిమిదో పేరు. తొమ్మిది చెంబులు బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు, తొమ్మిది బోర్లా తిప్పాక. ఆఖరున సాంబ్రాణి పొగ మీద బిడ్డ పేరు.

వారం తిరిగేసరికి నా పెదాలు కదలటం మొదలైంది. చదువు వచ్చినవాళ్ళకి తెలియని సంగతి ఒకటి చెప్తా. నాలాంటివాళ్ళం తలలో పెట్టుకోం, చేతుల్లో పెట్టుకుంటాం. కుడి మోకాలి మీద నీళ్ళు పడితే మూడో పేరు దానంతట అదే వచ్చేది. ఒట్టి నోటితో చెప్పమంటే ఒక్కటీ రాదు. కాళ్ళ మీద బిడ్డ ఉండాలి.

రాఘవ చేతిలో పట్టే చిన్న టేపు రికార్డరు తెచ్చాడు. తూతూ ఒప్పుకోలా. "యంత్రం నోట్లో ఎందుకు పెడతా? బిడ్డ ఒంటి మీద పెడుతున్నా కదా" అంది. పోనీ కాగితం మీద రాసుకుంటానని వాడు అంటే దానికీ ఒప్పుకోలా. నోయెని నేర్చుకోమంది. నోయెకి నిద్ర లేదు, పాలు సరిగ్గా పడలేదు. "తర్వాత నేర్చుకుంటా తూతూ" అంది. ఆమె తప్పేం లేదు. బాలింతకి అన్నం తినటమే పెద్ద పని. తూతూ కొడుకులకా, ఈ గోల పట్టలా. ఒకడు ఓడల్లో, ఒకడు హోటల్లో.

నా పెదాలు కదలటం తూతూ చూసింది. నా చెయ్యి పట్టుకుని నోయెతో చెప్పించింది. "ఇది నీ చేతికి వచ్చింది. రేపు నేను లేకపోతే నువ్వు చెప్పాలి."

నాకు ఎంత గొప్పగా అనిపించిందో. బళ్ళోకి పోని దాన్ని, నన్ను నమ్మింది.

పదకొండో చెంబు

బిడ్డని బోర్లా తిప్పాక రెండో చెంబు, నడుము మీద. అది పదకొండో పేరు. ఆ పేరు వచ్చినప్పుడు తూతూ గొంతు దిగేది. ఐదో రోజు భోజనం దగ్గర రాఘవతో అడిగించా. ఆమె రెండు రోజులు నొప్పులు పడి, బిడ్డని కని, పోయిందంట. పుట్టిన పిల్ల పేరు కహివ. పోయినామె చెల్లెలు పాలిచ్చి పెంచింది. ఆ కహివ పన్నెండో పేరు.

 పచ్చి బాలింత ముందు, పసిగుడ్డు ఒంటి మీద ఈ పేరా!

ఆరో రోజు నుంచి ఆ చెంబు దగ్గరికి రాగానే నేను గట్టిగా "శ్రీరామరక్ష" అనేదాన్ని. తూతూ గొంతు వినపడకుండా, నీళ్ళు కూడా ఎత్తి దబ్బున పోసేదాన్ని. మొదట ఆమె అది నా దీవెన అనుకుంది. నవ్వి తల ఊపింది. తర్వాత కనిపెట్టింది.

ఆఖరి రోజు నన్నే మొత్తం చెప్పమంది. చెప్పుకుంటూ వచ్చా. పదకొండో చెంబు దగ్గర నా నోరు "శ్రీరామరక్ష" అంది. తూతూ అరచేత్తో తలుపు మీద కొట్టింది. "నో." మళ్ళీ పోయమంది. మళ్ళీ "శ్రీరామరక్ష" అన్నా. ఆమె వంగి, నా చెవి దగ్గర ఆ పేరు చెప్పింది. నేను అర్థం కానట్టు మొహం పెట్టి పన్నెండో చెంబు ఎత్తా.

తూతూ నా మొహంలోకి చూసి ఒక మాట అనేసి లేచి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత నోయె చెప్పింది, "నువ్వు ధైర్యం ఉన్న మనిషివి అనుకున్నా అంది ఆంటీ. ఎందుకట్లా అంది?"

"ఏమో తల్లీ" అన్నా.

నిజం చెప్తున్నా. ఆ పేరు నా చెవిలో పడింది. నేనే నిలవనివ్వలా.

నోయె నోట్‌బుక్కు

తూతూ వాళ్ళ దీవికి వెళ్ళిపోయింది. రెండేళ్ళకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆరు నెలలకి పోయింది. ఈలోగా నేను ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది బిడ్డలకి నీళ్ళు పోశానో. ఎవరికీ ఆ పేర్లు పైకి అనలా, అవి వాళ్ళ ఇంటివి. నాలుక కింద మాత్రం నడుస్తూనే ఉండేవి. అట్టా నిలిచినయ్యి. పదకొండో చెంబు దగ్గర నాలుక కింద కూడా "శ్రీరామరక్షే".

నోయెకి మళ్ళీ తొమ్మిదో నెల. నన్ను పిలిచింది. నేను వెళ్ళేసరికి కొత్త నోట్‌బుక్కు, పెన్ను పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆంటీ, నాకు మొదటి పేరు తెలుసు, చివరి నాలుగు తెలుసు. మధ్యలోవి నీ దగ్గరే ఉన్నాయి. కానుపుకి ముందే నేర్చుకోవాలి. ఈ బిడ్డకి నేనే చెప్తా."

కాళ్ళ మీద బిడ్డ లేందే రాదన్నా. పెద్దపిల్లకి మూడేళ్ళు నిండుతున్నయ్యి. దాన్ని హాల్లో నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. కాళ్ళు నా మోకాళ్ళ అవతలికి వచ్చినయ్యి.

"ఆంటీ, డోంట్ టికిల్ లా!"

"కదలకే దొంగముండా. మీ పెద్దోళ్ళు పారిపోతారు."

ఉత్తచేత్తో చెంబు పోస్తున్నట్టు పోశా. ఒక్కొక్కటే వచ్చినయ్యి. నోయె రాసుకుంటూ ఏడ్చింది. తూతూ గొంతు లాగానే అన్నావు అంది. పదో పేరు అయింది. పిల్లని బోర్లా తిప్పిన రెండో చెంబు. నోరు దానంతట అదే అనేసింది.

నోయె రాసుకుంది. రాసుకుని ఆగింది. "ఇదేంటి, మా భాషలా లేదు?"

లోపల కంప్యూటర్ దగ్గర నుంచి రాఘవ నవ్వుతూ అన్నాడు, "నోయె, అది మీవాళ్ళు కాదు, మా రాముడు."

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలా. "మర్చిపోయా తల్లీ. రేపు గుర్తు తెచ్చుకుని వస్తా" అని, మిగతా పేర్లు రాయించి లేచా.

అబద్ధం తయారు చేసుకున్నా

ఇంటికి వచ్చి ఏ పని చేస్తున్నా అదే. కాళ్ళు చాపుకుని, దిండు వేసుకుని వంద సార్లు పోశా. ఆ చోట నల్లగా ఉంది. ఏమీ లేదు.

అప్పుడు నాకో బుద్ధి పుట్టింది. పదిహేడు పేర్లు నిజమే కదా. ఒక్క పేరు నేను కట్టి చెప్తే ఎవరికి తెలుస్తుంది? తూతూ లేదు. నోయెకి తెలియదు. వాళ్ళ పేర్లు ఎట్టా ఉంటాయో నాకు పట్టుబడింది. నీళ్ళు జారినట్టుంటాయి. ఒకటి అల్లుకున్నా. మర్నాడు బస్సులో క్లెమెంటి దాకా లోపల లోపలే అనుకుంటూ పోయా. బాగానే అతికింది. పదో పేరుకీ పన్నెండో పేరుకీ మధ్య చక్కగా కూర్చుంది.

లిఫ్టు దగ్గర ఆగిపోయా. రెండు రోజులు నొప్పులు పడ్డామె ఒకతి ఉంది. ఆమె చోట్లో ఎవరినో లేనిదాన్ని తెచ్చి కూర్చోబెడుతున్నా. రేపు ఈ పిల్లలు, వాళ్ళ పిల్లలు ఆ లేనిదానికి దణ్ణం పెడతారు. ముందు ఆమె పేరు మింగా. ఇప్పుడు ఆమె చోటు కూడా ఇంకొకరికి ఇస్తున్నా. ఇంతకంటే చెడ్డపని నా చేతులు చేయలా.

పైకి పోయి నోయె ఎదురుగా కూర్చున్నా. కడుపు ఇంతెత్తున ఉంది. నా మేనత్త నా వెనక నిలబడి చెవి మెలేసినట్టే ఉంది. అయినా చెప్పా.

"ఆ పేరు నాకు తెలియదు. మర్చిపోవటం కాదు, నేర్చుకోలా. ఆమె కానుపులో పోయింది. నీ కానుపు గదిలో ఆ పేరు అనకూడదని నేను దేవుడి పేరు అడ్డం పెట్టా. తూతూ కోప్పడింది, అయినా పెట్టా."

నోయె పెన్ను కింద పెట్టింది.

"తూతూ నీకు విడిగా చెప్పిందా ఆ పేరు?"

"ఆఖరి రోజు. చెవిలో."

"అయినా?"

"నీ కోసమే భయపడ్డా."

"నేను అడిగానా ఆంటీ?"

"అడగలా తల్లీ" అన్నా. 

ఆమె వాళ్ళ మేనమామలిద్దరికీ ఫోన్ చేసింది. వాళ్ళకి చేపల చెరువు గోడ ఎక్కడుందో తెలుసు గానీ పేరు తెలియదు. ఫోన్ పెట్టేసి నోట్‌బుక్కు ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత అడిగింది.

"మీ ఇంట్లో అట్లా పోయినవాళ్ళు లేరా?"

"ఉంది. మా అమ్మని కన్నామె."

"పేరేంటి?"

నేను నోరు తెరిచా. ఏమీ రాలా. మా ఇంట్లో ఎవరూ అనలా. మా అమ్మ కూడా అనలా. మా అమ్మకి కూడా తెలుసో లేదో నాకు తెలియదు. అప్పటికి నాకు యాభై ఏళ్ళు. ఆ రోజు దాకా ఆ సంగతి నాకు తట్టనేలేదు.

నోయె నోట్‌బుక్కు మూసేసింది. "మీరు వెళ్ళండి ఆంటీ" అంది. నన్నెప్పుడూ నువ్వు అనే పిల్ల, మీరు అంది.

మళ్ళీ వెళ్ళా

పిలవకపోయినా వెళ్ళా. కానుపైందని రాఘవ ఫోన్ చేశాడు, మళ్ళీ ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారన్నాడు. రమ్మని మాత్రం అనలా. పదకొండో రోజు పొద్దున నూనె సీసా, సున్నిపిండి సంచిలో వేసుకుని వెళ్ళి బెల్లు కొట్టా. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఇది గట్టిగా పట్టుకోండి. తప్పు చేసిన ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. మంచి పేరొచ్చిన ఇళ్ళకే తిరిగేవాళ్ళకి ఈ పని రాదు.

ఈసారి రాఘవ వాళ్ళమ్మ కోటేశ్వరమ్మ గారు ఉన్నారు. తలుపు ఆమే తీసింది. "రావమ్మా, నీ కోసమే చూస్తున్నా, నాకు కాళ్ళ మీద వేసుకోవటం చేతగావట్లేదు" అంది. ఆమెకి ఏమీ తెలియదు. లోపల మంచం మీద నోయె. నన్ను చూసింది. వద్దనలా, రమ్మనలా. కాసేపటికి తనే లేచి, స్టూలు తెచ్చుకుని, బాత్రూం తలుపు దగ్గర కూర్చుంది. తూతూ కూర్చున్నట్టే. చేతిలో నోట్‌బుక్కు లేదు.

బిడ్డని కాళ్ళ మీద వేసుకున్నా. కుడిపాదం మీద మొదటి చెంబు పోసి "కలైమనుయా" అన్నా. నోయె నాతోపాటు అంది. రెండు, మూడు, నాలుగు. ఆమెకి అన్నీ వచ్చు. ఈలోగా రాసుకున్నవన్నీ నోటికి తెచ్చుకుంది. బిడ్డని బోర్లా తిప్పా. పదో పేరు అయింది. నేను చెంబు ఎత్తి ఆగా.

"ఇక్కడ ఒక తల్లి ఉంది. కానుపులో పోయింది. ఆమె పేరు నేను పోగొట్టా" అన్నా, తెలుగులో, పైకి.

కోటేశ్వరమ్మ గారు తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. తువ్వాలు జారిపోయింది. "రవణమ్మా! నీకు మతి ఉందా? పురిటి గదిలో ఆ మాటలేంటి? పెద్దపిల్ల పుట్టినప్పుడు ఫోనులో నువ్వే కదా చెప్పావు అట్టాంటివి ఎత్తొద్దని!"

"చెప్పా అక్కగారూ. తప్పు చెప్పా."

"బిడ్డ ఒంటి మీద నీళ్ళు పోస్తూ..."

"ఈ బిడ్డ ఆమె కడుపున పుట్టినవాళ్ళ దారిలోనే వచ్చింది. ఆమె రెండు రోజులు నొప్పులు పడితే కహివ పుట్టింది. కహివ ఉంటే నోయె ఉంది. నోయె ఉంటే మీకు మనవరాలు ఉంది. ఆమెని ఎట్టా దాటమంటారు?"

 నీళ్ళు చల్లబడుతున్నయ్యి. బిడ్డ గునిసింది.

బాలింత చేత నీళ్ళ చెంబు పట్టించకూడదు. పదకొండు రోజుల పచ్చి ఒళ్ళు, చన్నీళ్ళు తగలకూడదు, వంగకూడదు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కదానికీ మొదటి రోజే చెప్పే మాట ఇది. నేను చెంబు నోయె వైపు చాచా. ఆ చెంబు పోసే హక్కు నాకు లేదు.

నోయె తీసుకుంది. స్టూలు మీద నుంచి వంగింది. బిడ్డ నడుము మీద నెమ్మదిగా, చుక్క పక్కకి చిందకుండా పోసింది. వాళ్ళ భాషలో ఏదో అంది. తర్వాత వాళ్ళత్త వైపు చూసి, రాఘవ దగ్గర నేర్చుకున్న తెలుగులో అంది.

"కహివ వాళ్ళమ్మ."

మా ఊళ్ళో ఆడవాళ్ళని అట్టాగే పిలుస్తారు. కోటేశ్వరమ్మ గారు కింద పడ్డ తువ్వాలు తీసి దులిపింది. "ఊఁ, కానియ్యండి, బిడ్డకి చలేస్తుంది" అంది. 

నోయె చెంబు నాకు తిరిగి ఇచ్చింది. నేను ముంచి ఎత్తా.

"కహివ" అన్నాం, ముగ్గురం.